పాత వాటర్ బాటిల్‌తో పిట్టలకు గింజల ఫీడర్: చేయడం ఒక గంట, చూసుకోవడం రోజూ



మార్చి వచ్చిందంటే ఎండలు ముదురుతాయి, ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఈ నెల 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం కూడా. 2010 నుంచి ఏటా జరుపుతున్నారు. ఆ వారంలో చాలా ఇళ్లలో ఒక బర్డ్ ఫీడర్ తయారవుతుంది, ఫొటో క్లాస్ వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. నెల తిరిగేసరికి ఆ బాటిల్ బాల్కనీలో ఖాళీగా ఊగుతూ ఉంటుంది, లేదా అడుగున తడిసిన గింజలకు బూజు పట్టి ఉంటుంది. బూజు పట్టిన గింజలు పెట్టడం కంటే అసలు ఫీడర్ లేకపోవడమే పిట్టకు మేలు.

అందుకే ఈసారి ఒక చిన్న విన్నపం. ఫీడర్‌ను ఒక్క రోజు ప్రాజెక్టుగా కాకుండా, మీ బాబుకో పాపకో అప్పగించిన రోజువారీ బాధ్యతగా చూడండి. ఎలా చేయాలో, ఎలా నడపాలో ఈ వ్యాసంలో వివరంగా ఇస్తున్నాను.

ఇది మనకు కొత్తేమీ కాదు

కోతలయ్యాక వరి కంకులను కుచ్చుగా అల్లి ఇంటి చూరుకో, గుడి మండపానికో వేలాడదీయడం మన ఊళ్లలో పాత అలవాటు. పిచ్చుకలు ఆ కుచ్చుకే వేలాడుతూ వడ్లు ఒలుచుకుని తినేవి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే పిల్లల్ని ఒకసారి అడిగి తెలుసుకోమనండి. కొందరికి అల్లడం ఇప్పటికీ వచ్చు. ఊరి నుంచి నాలుగు గుప్పెళ్ల కంకులు తెప్పించుకోగలిగితే అంతకు మించిన ఫీడర్ లేదు.

పిచ్చుకలు నిజంగా పోయాయా?

2018లో వచ్చిన 2.0 సినిమా చూసిన పిల్లలు ‘సెల్ టవర్ల వల్లే కదా పిచ్చుకలు పోయాయి?’ అని అడుగుతుంటారు. దీనికి మనం జాగ్రత్తగా జవాబు చెప్పాలి. దేశంలోని పక్షుల పరిస్థితిపై 2020లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది మాత్రం హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో. సెల్ టవర్లే కారణమనడానికి ఆధారాలు లేవని కూడా ఆ నివేదిక చెప్పింది.

మరి నగరాల్లో ఎందుకు తగ్గాయి? పెంకుటింటి చూరులో, గోడ సందులో పిచ్చుక గూడు కట్టుకునేది. గాజు, సిమెంటుతో కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఆ సందు లేదు. వాకిట్లో ధాన్యం ఆరబోయడం, చేటతో చెరగడం పోయాయి. బియ్యం ప్యాకెట్లలో వస్తున్నాయి. పొదలు తగ్గి, పురుగుమందులు పెరిగి పురుగులూ తగ్గాయి. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తిన్నా, గూట్లోని పిల్లలకు మాత్రం ఎక్కువగా పురుగులే తెచ్చి పెడుతుంది. కాబట్టి గింజల ఫీడర్ ఒక్కటే పిచ్చుకను కాపాడలేదు. దాని పక్కనే పురుగుమందు కొట్టని ఒక తులసి, ఒక మందారం, ఒక కరివేపాకు కుండీ ఉంటే ఆ సాయం పూర్తవుతుంది.

కావలసినవి

• ఒక లీటరు వాటర్ బాటిల్, మూతతో సహా
• వాడి పక్కన పడేసిన పొడుగాటి చెక్క గరిటెలు రెండు
• కొబ్బరి తాడు, సుమారు ఒక మీటరు
• ఒక మేకు, కత్తెర, మార్కర్ పెన్ను
• పాత క్యాలెండర్ కాగితం ఒకటి, గరాటులా చుట్టడానికి

నైలాన్ దారం, పతంగుల మాంజా వాడవద్దు. పిట్టల కాళ్లకు చుట్టుకుంటే విడదీయడం కష్టం. గాజుపొడి పూసిన మాంజా రెక్కనే కోసేస్తుంది.

తయారు చేసే విధానం

1. బాటిల్‌ను సబ్బుతో కడిగి, లేబుల్ తీసి, లోపల చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి. రాత్రంతా బోర్లించి ఉంచితే మంచిది.

2. అడుగు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తులో ఒక గుర్తు, సరిగ్గా దాని ఎదురుగా మరో గుర్తు పెట్టాలి. ఇంకో 8 సెంటీమీటర్లు పైకి వెళ్లి, అడ్డంగా తిరిగి రెండో జత గుర్తులు పెట్టాలి. పై నుంచి చూస్తే రెండు గరిటెలూ ప్లస్ గుర్తులా కనిపించాలి. కొలవడం, గుర్తులు పెట్టడం పిల్లలకే వదిలేయండి.

3. గుర్తుల దగ్గర రంధ్రాలు చేయాలి. ఇది పెద్దల పని. మేకును పట్టకారుతో పట్టుకుని వేడి చేసి గుచ్చితే ప్లాస్టిక్ పగలదు. ఈ పని కిటికీ దగ్గర గాలి తగిలేచోట చేయండి. ప్రతి జతలో ఒక రంధ్రం గరిటె కాడ పట్టేంత ఉంటే చాలు. ఎదుటి రంధ్రం మాత్రం కాస్త పెద్దదిగా ఉండాలి, గింజలు దాని గుండానే గరిటె మీదికి జారాలి. అంచులు గరుకుగా ఉంటే టేపు అంటించండి.

4. గరిటె కాడను పెద్ద రంధ్రం వైపు నుంచి దూర్చి అవతలికి తీయాలి. గరిటె గుంట భాగం బాటిల్‌కు ఆనుకుని బయట ఉండాలి. గుంట పళ్లెంలా, కాడ పిట్ట వాలే కొమ్మలా పనిచేస్తాయి.

5. బాటిల్ అడుగున సన్నని సూదితో నాలుగైదు రంధ్రాలు చేయాలి. వాన నీళ్లు నిలవవు.

6. బాటిల్ మెడ దగ్గర ఉండే రింగు కింద కొబ్బరి తాడును రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడివేయాలి. కాగితం గరాటుతో గింజలు పోసి మూత బిగించాలి. మొదటి వారం పావు బాటిల్ చాలు.

ఇక్కడ పిల్లలకు ఒక సైన్స్ ప్రశ్న వేయవచ్చు. గింజలన్నీ ఒకేసారి కారిపోకుండా గరిటె నిండగానే ఎందుకు ఆగిపోతాయి? కళ్లంలో ధాన్యం రాశి పోసినప్పుడు అది ఒక వాలు వరకు జారి ఆగుతుంది. గింజకూ గింజకూ మధ్య రాపిడే దానికి కారణం. గరిటె మీద కూడా ఒక చిన్న రాశి ఏర్పడి రంధ్రాన్ని మూసేస్తుంది. పిట్ట తినేకొద్దీ పైనుంచి మళ్లీ జారుతుంది. ఒకసారి సజ్జలతో, ఒకసారి కొర్రలతో చేసి ఏది త్వరగా జారుతుందో చూడమనండి.

ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

పిచ్చుకలు, మునియాలు, గువ్వలు గింజలు తింటాయి. సజ్జలు, కొర్రలు, బియ్యపు నూకలు వీటికి బాగా సరిపోతాయి. గోరింకలకు, పికిలిపిట్టలకు ఈ బాటిల్ కంటే ఒక కొబ్బరి చిప్పలో పెట్టిన జామ, అరటి, బొప్పాయి ముక్కలు నచ్చుతాయి. పండు ముక్కలు సాయంత్రానికి తీసేయాలి, లేకపోతే చీమలు పడతాయి. తేనెపిట్ట ఫీడర్‌కు రాదు. దానికి పూలు కావాలి.

మిక్చర్, చిప్స్, బిస్కెట్లు, బ్రెడ్, ఉప్పు వేసి వండినవి పెట్టవద్దు. పిచ్చుక బరువు 25 నుంచి 30 గ్రాములు మాత్రమే. మనకు చిటికెడు అనిపించే ఉప్పు దానికి చాలా ఎక్కువ. పాలు కూడా వద్దు. పచ్చి బియ్యం తింటే కడుపులో ఉబ్బి పిట్టలు చనిపోతాయనే మాట వినే ఉంటారు. అది నిజం కాదు. పొలాల్లో అవి తినేది పచ్చి గింజలే కదా.

గింజల కంటే ముందు నీళ్లు

మన ఎండల్లో గింజ దొరకని రోజు కంటే నీటి చుక్క దొరకని రోజు పిట్టకు కష్టం. ఒక మట్టి మూకుడులో రెండు మూడు సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి, మధ్యలో ఒక గులకరాయి పెట్టండి. చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. స్టీలు గిన్నె ఎండకు కాలిపోతుంది కాబట్టి వద్దు.

దోమల సంగతేమిటని చాలామంది తల్లిదండ్రులకు అనుమానం. డెంగీ దోమ గుడ్డు నుంచి పెద్ద దోమగా మారడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. రోజూ నీళ్లు పారబోసి, మూకుడు అంచులను పీచుతో రుద్ది కడిగితే ఆ అవకాశమే ఉండదు. మూకుడులోని నీళ్లను రెండు మూడు రోజులు మార్చలేమనుకుంటే దాన్ని బోర్లించి పెట్టేయండి.

ఎక్కడ వేలాడదీయాలి

ఐదారు అడుగుల ఎత్తున, పిల్లి ఎగిరి అందుకోలేని చోట కట్టండి. దగ్గర్లో ఒక చెట్టు కొమ్మో, కుండీ మొక్కో ఉంటే పిట్ట ముందు అక్కడ వాలి, నలువైపులా చూసుకుని ఫీడర్ మీదికి వస్తుంది. పడమటి ఎండ నేరుగా తగలకుండా చూడండి.

పెద్ద అద్దాల కిటికీ ఉన్న బాల్కనీ అయితే ఫీడర్‌ను అద్దానికి మూడు అడుగుల లోపే కట్టండి. అద్దంలో ఆకాశం కనిపించి పిట్టలు ఢీకొంటాయి. దగ్గర నుంచి ఎగిరినప్పుడు వేగం తక్కువగా ఉంటుంది కాబట్టి దెబ్బ తగలదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు కింది ఫ్లాటు వాళ్లతో ముందే ఒక మాట చెప్పండి. పొట్టు వాళ్ల బాల్కనీలో పడకుండా ఫీడర్ కింద ఒక పాత ప్లేటు కడితే గొడవ ఉండదు.

పావురాల సమస్య

బాల్కనీలో గింజలు చల్లితే ముందు వచ్చేవి పావురాలే. ఎండిన పావురాల రెట్ట పొడి ఊపిరితో లోపలికి వెళితే కొందరికి ఊపిరితిత్తుల అలర్జీ వస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. గింజలను నేల మీద, పిట్టగోడ మీద చల్లకండి. గరిటె కాడ బయటికి నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే ఉండేలా కోయండి. పిచ్చుకకు ఆ చోటు చాలు, పావురానికి చాలదు. రెట్టను పొడిగా ఊడ్చకుండా ముందు నీళ్లు చల్లి, మాస్కు, గ్లవ్స్ వేసుకుని పెద్దలే శుభ్రం చేయండి. అయినా పావురాలు గుంపులుగా వస్తుంటే రెండు వారాలు ఫీడర్ తీసేసి, నీళ్లు మాత్రం ఉంచండి.

ఎవరి పని వారిది

ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి పిల్లలకు మూకుడులో నీళ్లు మార్చే పని చాలు. మూడు నుంచి ఐదు తరగతుల వాళ్లు గింజలు నింపడం, కింది ప్లేటులోని పొట్టు తీయడం చేయగలరు. ఆరు దాటిన వాళ్లకు వారానికోసారి బాటిల్ విప్పి, వేడినీళ్లతో, సబ్బుతో కడిగి, ఎండబెట్టి మళ్లీ కట్టే పని పూర్తిగా ఇచ్చేయండి. పిట్టల సామాను ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పిల్లలు ఒక రోజు మరిచిపోతారు. అప్పుడు వెంటనే మీరు చేసేయకుండా, గుర్తు చేసి వాళ్లతోనే చేయించండి. మార్కులు లేని, ఎవరూ తనిఖీ చేయని పనిని కూడా రోజూ చేయడం ఇక్కడే అలవాటవుతుంది. ఈ పనికి పొద్దున పది నిమిషాలు చాలు, చదువుకు అడ్డం రాదు.

చూడటం కూడా పనే

ఫీడర్ కట్టిన రోజే పిట్టలు రావు. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పట్టవచ్చు. మీ కాలనీలో పిచ్చుకలే లేకపోతే మునియాలో గువ్వలో రావచ్చు. పాత నోట్సులో మిగిలిన పేజీల్లో నాలుగు గడులు గీయించండి: తేదీ, సమయం, ఏ పిట్ట, ఎన్ని. పేరు తెలియకపోతే ముక్కు ఆకారం, రంగు రాసినా చాలు. పిచ్చుక ముక్కు పొట్టిగా, శంకువులా ఎందుకుందో, తేనెపిట్టది సన్నగా వంగి ఎందుకుందో పిల్లలు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

మన దేశంలో పక్షుల అధ్యయనానికి దారి చూపిన సలీం అలీ కథ పిల్లలకు చెప్పండి. చిన్నప్పుడు ఆయన ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో తెలుసుకోవాలని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. అక్కడ చూసిన పక్షుల సేకరణ ఆయన జీవితాన్నే మార్చింది. తన ఆత్మకథకు కూడా పిచ్చుక పేరే పెట్టుకున్నారు.

రామచిలుకలు వస్తే పిల్లలు పట్టుకుని పెంచుకుందామంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అది నేరమని చెప్పండి. రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి, పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి అని కూడా ఆ సందర్భంలోనే చెప్పవచ్చు.

సెలవులకు ఊరెళ్తే

ఏప్రిల్ చివర్లో చాలామంది పిల్లలు అమ్మమ్మ ఊరు వెళ్తారు. వెళ్లే ముందు వారం రోజులుగా గింజలు కొంచెం కొంచెం తగ్గించండి. పిట్టలు ఒక్క చోటే నమ్ముకుని ఉండవు, వేరే చోట్లు వెతుక్కుంటాయి. నీళ్ల మూకుడు మాత్రం పక్కింటివారికో, వాచ్‌మన్ కుటుంబానికో అప్పగించండి. ఎండాకాలంలో దాని అవసరమే ఎక్కువ. ఆ బాధ్యత అప్పగించే మాట కూడా పిల్లల చేతే చెప్పించండి.

స్కూల్ తిరిగి తెరిచాక ఆ నోట్సు పేజీలను పిల్లలతో పంపండి. ఏ కాలనీలో ఏ పిట్టలు వచ్చాయో క్లాసులో అందరం కలిసి చూద్దాం. ఫీడర్ ఫొటో లేకపోయినా పరవాలేదు, ఆ పేజీలు చాలు.