ఊతకర్రకి కొత్త రూల్ ఎందుకన్నా?

"అన్నా, గేములో కూడా నాకు మైనస్ నాలుగేనా?"

మా పిన్ని కొడుకు ఈ మాట నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం లోపల ఎక్కడో కలుక్కుమంది.

సంగతేంటంటే, రెండేళ్ల కిందట వాడు బైక్ మీంచి పడ్డాడు. కుడికాలు పూర్తిగా బాగవలేదు. ఊతకర్ర పట్టుకునే బీటెక్ క్లాసులకి వెళ్తాడు. శనివారం రాత్రి అయితే మా ఫ్లాట్‌కి వస్తాడు, ఐదుగురం కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఈ ఆట ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: ఒకరు కథ నడుపుతారు, వాళ్లే డంజన్ మాస్టర్. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర. గోడ దూకాలన్నా, రాక్షసుడిని కొట్టాలన్నా 20 ముఖాల పాచిక వేయాలి. వచ్చిన అంకెకి మీ పాత్ర బలం కలిపితే పని అయిందో లేదో తేలిపోతుంది. మా దగ్గర మాస్టర్ని నేనే.

మొన్నామధ్య వాడు కొత్త పాత్ర తయారు చేసుకుంటూ, "నా హీరోకి కూడా ఊతకర్ర ఉంటుందన్నా. ఏ మంత్రంతోనూ కాలు బాగవదు. అయినా ఫైట్లు చేస్తాడు" అన్నాడు. ఐడియా భలే నచ్చింది. వెంటనే నాలోని ఇంజినీరు నిద్రలేచాడు. ఆ రాత్రే మూడు పేజీల కొత్త రూల్స్ టైప్ చేసి గ్రూపులో పెట్టాను. వేగం సగం. మెట్లెక్కితే మైనస్ నాలుగు. బురదలో జారిపడే ఛాన్స్ వేరే. నా లెక్కలో అది రియలిజం. వాడికేమో, వారమంతా కాలేజీలో పడే పాట్లకి శనివారం ఓవర్‌టైమ్.

తర్వాతి శనివారం "అసైన్‌మెంట్ ఉందన్నా" అని మెసేజ్ వచ్చింది. ఆ పై వారమూ అదే. పిన్నికి ఫోన్ చేస్తే, "అసైన్‌మెంటా? వాడు పడుకుని ఫోన్ చూస్తున్నాడు" అంది.

ఆ రాత్రి రూల్ బుక్ మళ్లీ తెరిచాను. మేం ఆడేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. ఆయుధాల పట్టికలో మామూలు కర్ర ఉంది. ధర రెండు వెండి నాణేలు. ఒంటిచేత్తో కొడితే దెబ్బకి ఆరు ముఖాల పాచిక, రెండు చేతులతో అయితే ఎనిమిది ముఖాలది. అదే పుస్తకంలో 'మాంక్' అనే రకం హీరో ఉన్నాడు. కవచం వేసుకోడు, కర్రతో కొడతాడు. రెండో లెవెల్‌కి వచ్చేసరికి అందరికంటే పది అడుగులు ఎక్కువ కదులుతాడు. ఒక 'కీ' పాయింటు ఖర్చు పెడితే ఆ టర్న్‌లో దూకే దూరం రెట్టింపు.

పుస్తకం ఇతన్ని ఆశ్రమంలో పెరిగిన సాధకుడిగా చూపిస్తుంది. ఆ వేషం తీసేసి మన కర్రసాము పెడితే? ఆ ఊతకర్రే ఆయుధం. దాన్ని నేలకి ఆనించి ఎగిరితే అదే ఆ రెట్టింపు దూకుడు. ఒక్క అంకె కూడా మార్చక్కర్లేదు. ఆటగాళ్లు దీన్ని రీస్కిన్ అంటారు. లోపల లెక్క అదే, పైన చొక్కా వేరు.

పొద్దున్నే ఫోన్ చేశా. "ఒరేయ్, ఆ మూడు పేజీలూ డిలీట్ చేసేశా. సారీరా."

"మరి మెట్లెక్కాలంటే?"

"అందరికీ ఏ రూలో నీకూ అదే. ఎలా ఎక్కుతున్నావో మాత్రం నువ్వే చెప్పు."

కాసేపు మాట్లాడలేదు. "ఎడమచేత్తో రైలింగ్, కుడిచేత్తో కర్ర. నాకు తెలుసులే అన్నా ఎలా ఎక్కాలో."

ఇదేదో నేను కనిపెట్టానని అనుకోకండి. అసలు ఈ ఆట పుట్టిందే అలా. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని బయటికి తెచ్చినప్పుడు వాడిన 20 ముఖాల పాచికలు స్కూళ్లలో లెక్కలు చెప్పడానికి అమ్మేవి. దెబ్బ తగిలిందో లేదో తేల్చే 'ఆర్మర్ క్లాస్' ఆలోచనని ఆర్నెసన్ ఓడల యుద్ధాల ఆట నుంచి తెచ్చాడు. ఇనుముని తుప్పు పట్టించి తినేసే రస్ట్ మాన్‌స్టర్‌కి మూలం హాంకాంగ్‌లో తయారైన చవక ప్లాస్టిక్ బొమ్మ. అడవుల్లో ప్రయాణానికైతే ఇంకో కంపెనీ బోర్డ్ గేమ్ కొనుక్కుని దాని బోర్డే వాడుకోమన్నారు!

అలాగని ఏది పడితే అది మార్చేస్తే తేడా కొడుతుంది. మా గ్రూపులో ఒకడు విషం చిమ్మే మంత్రాన్ని గుంటూరు కారంగా మార్చుకున్నాడు. సూపర్, ఓకే అన్నాను. కానీ అస్థిపంజరాలకి విషం ఎక్కదని రూల్. వాడేమో "ఇది విషం కాదు బ్రో, కారం. కళ్లు మండాలి కదా" అని వాదన. "దానికి కళ్లే లేవు కదరా" అన్నాను. చొక్కా మార్చుకో, లెక్క జోలికి రాకు, అంతే. ఎందుకంటే విషం తట్టుకునే రాక్షసులు ఆ పుస్తకంలో బోలెడు. విషాన్ని మంటగా మార్చేస్తే చప్పుడు లేకుండా వాడి బలం పెరిగిపోతుంది, పక్కవాడి పాత్ర డమ్మీ అవుతుంది.

ఆ శనివారం మావాడు వచ్చాడు. నది దాటే సీన్. పడవకి చిల్లు పడింది. పాత నేనైతే పడవల మీద ఇంకో నాలుగు పేజీలు రాసేవాణ్ణి. ఈసారి చావుబతుకుల్లో ఉన్న హీరోకి వాడే రూల్‌నే పడవకి పెట్టాను. టర్న్‌కి ఒకసారి పాచిక వేయాలి. పది, ఆపైన వస్తే గెలుపు, తక్కువైతే ఓటమి. ఏవి ముందు మూడైతే అదే పడవ గతి. అందరికీ తెలిసిన రూలే కాబట్టి ఎవరూ డౌట్లు అడగలేదు, కుర్చీల్లోంచి ముందుకి వంగారంతే.

రెండు గెలుపులు, రెండు ఓటములు. పాచిక మావాడి చేతిలోకి వచ్చింది.

"కర్రని చిల్లులోకి దిగ్గొట్టి దాని మీద కూర్చుంటున్నా" అన్నాడు.

పదకొండు పడింది. మా అరుపులకి కింద ఫ్లాట్ అంకుల్ పైకొచ్చి తలుపు కొట్టారు.