చెరిపేసిన ఏడాది!

ఇద్దరు రాజులు గద్దెనెక్కారు. ఏడాది తిరక్కుండానే ఇద్దరూ హతమయ్యారు. రాజుల లెక్కలు రాసేవాళ్లేమో ఆ ఏడాదిని తీసి తర్వాతి రాజు ఖాతాలో వేసేశారు! ఇంగ్లండ్‌లో 7వ శతాబ్దంలో జరిగిన చిత్రమిది.

రోమన్ల పాలన ముగిశాక సముద్రం దాటి వచ్చిన ఆంగ్లో-శాక్సన్లు అక్కడ నార్తంబ్రియా, మెర్సియా, వెసెక్స్‌ లాంటి రాజ్యాలు స్థాపించుకున్నారు. అప్పట్లో తేదీ అంటే 'ఫలానా రాజు ఏలుబడిలో ఇన్నో ఏడు' అనే. జారో పట్టణంలోని చర్చి ప్రతిష్ఠాఫలకం మీద ఉన్నది కూడా ఎగ్‌ఫ్రిత్‌ రాజు పాలనలో పదిహేనో ఏడు అని! అది క్రీ.శ. 685 అన్నది లెక్కగడితే తేలిన సంగతి. అందుకే, రాజుల జాబితా మారితే కాలం లెక్కా మారిపోయేది.

నార్తంబ్రియా రాజు ఎడ్విన్‌ 633లో హాట్‌ఫీల్డ్‌ యుద్ధంలో చనిపోయాడు. అది 632లోనే జరిగిందనే చరిత్రకారులూ ఉన్నారు. రాజ్యం రెండుగా చీలి ఓస్రిక్‌, ఎయాన్‌ఫ్రిత్‌ల చేతికొచ్చింది. క్రైస్తవం తీసుకున్న ఆ ఇద్దరూ రాజులవగానే పాత దేవుళ్ల దగ్గరకు వెళ్లిపోయారు. వాళ్ల తర్వాత వచ్చిన ఓస్వాల్డ్‌ పరమ భక్తుడు. ఇంకేం, మతం వదిలిన రాజుల ఏడాది కూడా ఆయనదే అయింది.

అయిదు ఓడలా... మూడా?

వెసెక్స్‌ది మరో కథ. ఆ వంశ మూలపురుషుడు సెర్డిక్‌ అయిదు ఓడలతో 495లో తీరం చేరాడంటుంది ఆంగ్లో-శాక్సన్‌ క్రానికల్‌. 514లో పశ్చిమ శాక్సన్లు మూడు ఓడల్లో అదే రేవులో దిగారనీ అంటుంది. తేడా సరిగ్గా 19 ఏళ్లు. ఈస్టర్‌ పండుగ తేదీల పట్టికలు తిరిగేదీ 19 ఏళ్లకోసారే! మన 'ప్రభవ, విభవ'లు అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చినట్టన్నమాట. ఏ ఆవృత్తమో తెలియక ఒకే ఘటనను రెండుసార్లు రాసి ఉంటారన్నది పరిశోధకుల అనుమానం. సెర్డిక్‌ పాలన 519లో మొదలైందని క్రానికల్‌ చెబితే, రాజుల పాలనాకాలాలను కూడి చూసిన డేవిడ్‌ డమ్‌విల్‌ 1985లో దాన్ని 538కి జరిపాడు. ఇక్కడా తేడా పంతొమ్మిదే!

ఆ క్రానికల్‌ కూర్చింది 9వ శతాబ్దం చివర్లో, ఆల్‌ఫ్రెడ్‌ రాజు కాలంలో. ఆయన వంశమూ సెర్డిక్‌దే. మన రాజులు సూర్యచంద్ర వంశాలు చెప్పుకున్నట్టు, వాళ్ల వంశవృక్షాన్ని వోడెన్‌ దేవుడి మీదుగా ఆదాము దాకా తీసుకెళ్లారు. మూలపురుషుడు ఎంత పాతవాడైతే గద్దె మీద హక్కు అంత గట్టిది మరి!

కొన్ని తేదీలకు మాత్రం ఆకాశమే సాక్షి. 664 సూర్యగ్రహణాన్ని మే 3 అని రాశాడు జారో మఠంలోని బీడ్‌ అనే సన్యాసి. ఖగోళ లెక్కల ప్రకారం అది మే 1. రెండు రోజులే తేడా!

731లో చరిత్ర గ్రంథం పూర్తిచేసిన ఈ బీడే, ఓస్రిక్‌, ఎయాన్‌ఫ్రిత్‌ల ఏడాదిని ఎందుకు తీసేశారో కూడా అందులో రాసిపెట్టాడు. ఎవరూ తలచుకోకూడదనుకున్న ఆ ఇద్దరి పేర్లూ అలా నిలిచిపోయాయి.