నడివయస్సులో బరువు తగ్గించుకొని ట్రయథ్లానుకు తిరిగి వచ్చుట

ఈత, సైకిలు సవారీ, పరుగు అను మూడు వ్యాయామములను నడుమ విశ్రాంతి లేకుండ ఒకదాని వెంట నొకటిగా పూర్తిచేయు పోటీకి ట్రయథ్లాన్ అని పేరు. ఈ పేరుతో తొలి పోటీ 1974లో అమెరికాలోని శాండియాగో నగరమున జరిగెను. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానము లభించెను. ఒలింపిక్ పద్ధతిలో 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు ఉండును. అందులో సగము దూరము గల పోటీని స్ప్రింట్ అందురు. మిక్కిలి కఠినమైన ఐరన్‌మ్యాన్ పోటీలో ఈత 3.8, సైకిలు 180, పరుగు 42.2 కిలోమీటర్లు. ఇందులో సగము దూరపు పోటీ మన దేశమున మొదటిసారిగా 2019 అక్టోబరులో గోవాలో జరిగెను.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రాం ప్రాంతములలో ఉద్యోగములు చేయుచున్న వారిలో యౌవనమున ఈదినవారు, పరుగెత్తినవారు పెక్కుమంది కలరు. ఉద్యోగము, సంసారము, ప్రయాణములు పెరిగిన కొలది వ్యాయామము వెనుకబడును. పదిపదునైదేండ్లు గడచునప్పటికి నడుము చుట్టు క్రొవ్వు చేరును. 40 ఏండ్లు దాటిన పిదప మరల క్రీడలకు రావలెనను కోరిక పుట్టుట మంచిదే. ఆ కోరిక నెరవేరవలెనన్న, పనిని పాత జ్ఞాపకములను బట్టి గాక నేటి దేహస్థితిని బట్టి ప్రారంభింపవలెను. ఈ విషయమును మరచినవారికే అపాయము ఎక్కువ.

నేటి దేహస్థితిని తెలిసికొనుట

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి 15 నుండి 49 ఏండ్ల లోపువారిలో అధికబరువు గలవారు దేశమంతటను నూటికి సుమారు 24 మంది స్త్రీలు, 23 మంది పురుషులు. ఢిల్లీలో వీరి సంఖ్య నూటికి 41 మంది స్త్రీలు, 38 మంది పురుషులు. కుర్చీలో కూర్చుండి చేయు పని, కారులోనో మెట్రోలోనో గంటలకొలది ప్రయాణము, రాత్రి ప్రొద్దుపోయిన పిదప భోజనము, చాలని నిద్ర దీనికి ముఖ్య కారణములు.

కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గముతో భాగించినచో వచ్చు సంఖ్యను దేహభార సూచిక అందురు. 170 సెంటీమీటర్ల ఎత్తు, 85 కిలోల బరువు గలవానికి ఇది 29 దాటును. భారతీయులకు తక్కువ బరువునందే పొట్టలో క్రొవ్వు చేరుట, మధుమేహము వచ్చుట సాధారణము. అందుచేత మన దేశపు వైద్యులు 23 మొదలు అధికబరువుగను, 25 మొదలు స్థూలకాయముగను లెక్కింపవలెనని 2009లో నిర్ణయించిరి. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. త్రాసుకంటె కొలత టేపు చెప్పు మాట ఒక్కొక్కప్పుడు ఎక్కువ నిజము. వ్యాయామము చేయువానికి కండ పెరిగి బరువు కదలకున్నను నడుము తగ్గుచుండును.

పై ఉదాహరణములోని 85 కిలోల మనిషి వెంటనే 66 కిలోలకు దిగవలసిన పని లేదు. బరువులో నూటికి 5 నుండి 10 పాళ్లు, అనగా 4 మొదలు 8 కిలోలు తగ్గినను రక్తపుపోటు, రక్తములోని చక్కెర మెరుగుపడును. మోకాళ్లపై భారము తగ్గును.

ముప్పది ఏండ్ల తరువాత అదే ఐదుగురు

పోయిన శక్తి తిరిగి వచ్చునా అను ప్రశ్నకు అమెరికాలోని డల్లాస్ నగరమున జరిగిన ఒక పరిశోధన చక్కని సమాధానమిచ్చినది. 1966లో 20 ఏండ్ల ప్రాయము గల ఐదుగురు ఆరోగ్యవంతులను మూడు వారములు మంచము దిగకుండ ఉంచి, వారి గుండె, ఊపిరితిత్తుల శక్తి ఎంత తగ్గినదో కొలిచిరి. పిదప ఎనిమిది వారములు వ్యాయామము చేయించి మరల కొలిచిరి. 1996లో, వారికి 50 ఏండ్లు వచ్చినప్పుడు, ఆ ఐదుగురినే మరల పిలిపించిరి. ఈ నడుమ వారి బరువు సగటున నాల్గవ వంతు పెరిగినది. దేహములోని క్రొవ్వు పాలు రెట్టింపైనది. అయినను 30 ఏండ్ల వయోభారముకంటె మూడు వారముల మంచమే వారి శక్తిని ఎక్కువగా హరించినట్లు తేలెను.

తరువాత వారిచే ఆరు మాసములు క్రమముగా వ్యాయామము చేయించిరి. దేహము ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి 20వ యేట శిక్షణకు ముందున్న మట్టమునకు చేరెను. అయితే రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, 20వ యేట శిక్షణ ముగిసిన పిదప అందుకొన్న ఉన్నత మట్టమును 50వ యేట వారిలో ఎవరును అందుకొనలేదు. రెండవది, శక్తి పూర్తిగా తిరిగి వచ్చినను వారి బరువు స్వల్పముగానే తగ్గెను. కనుక పోయిన సత్తువ తిరిగి వచ్చును గాని యౌవనపు శిఖరమును గురిగా పెట్టుకొనరాదు. సత్తువ వ్యాయామము వలన వచ్చును. బరువు తగ్గుటకు భోజనమునుకూడ సరిదిద్దవలెను.

మన దేశమున మిలింద్ సోమన్ ఉదాహరణము పలువురకు తెలిసినదే. యౌవనమున జాతీయస్థాయి ఈతగాడైన ఆయన 38వ యేట పరుగు ప్రారంభించెను. 2012లో ఢిల్లీ నుండి ముంబయి వరకు 1500 కిలోమీటర్లను 30 దినములలో పరుగెత్తెను. 2015లో, 50 ఏండ్లు నిండుటకు కొలది మాసముల ముందు, జ్యూరిచ్‌లో ఐరన్‌మ్యాన్ పోటీని 15 గంటలకు పైగా శ్రమించి ముగించెను. తొలి పరుగునకు, ఆ పోటీకి నడుమ పది సంవత్సరములకు పైగా గడచినవి. ప్రశంసలో ఈ పది సంవత్సరముల మాట మరుగున పడుచుండును.

మొదట వైద్య పరీక్ష

1985 నుండి 2016 వరకు అమెరికాలో జరిగిన ట్రయథ్లాన్ పోటీలలో మరణించినవారి, గుండె ఆగి చికిత్సచే బ్రతికినవారి వివరములను వైద్యులు సేకరించిరి. మొత్తము 135 మంది. వారిలో నూటికి 85 మంది పురుషులు. సగటు వయస్సు 47 ఏండ్లు. 90 మందికి ఆపద ఈత భాగమునందే సంభవించినది. శవపరీక్ష జరిగినవారిలో పలువురకు అంతకుముందు బయటపడని గుండెజబ్బు ఉన్నట్లు తేలినది. పోటీలో పాల్గొన్న లక్షల మందితో పోల్చినచో ఈ సంఖ్య స్వల్పమే. అయినను ఆపద ఎవరికి, ఎక్కడ పొంచియున్నదో ఇది స్పష్టముగా చూపుచున్నది.

కనుక 40 దాటినవారు రక్తపుపోటు, రక్తములోని చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు, ఇ.సి.జి. చేయించుకొని వైద్యుని సలహాతో ఆరంభింపవలెను. కుటుంబములో చిన్నవయస్సున గుండెపోటు వచ్చినవారున్నను, పొగత్రాగు అలవాటున్నను, నడచునప్పుడు ఛాతీలో బిగువు తోచినను ఆ సంగతి దాచరాదు; వైద్యుడు ట్రెడ్‌మిల్ వంటి పరీక్ష అవసరమా అని నిర్ణయించును. 30 ఏండ్లు దాటినవారికి రక్తపుపోటు, మధుమేహ పరీక్షలు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములలో ఉచితముగా జరుగును. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1954లో ఢిల్లీలోనే ప్రారంభమైన సి.జి.హెచ్.ఎస్. వైద్యశాలలు అందుబాటులో ఉన్నవి. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించు మాత్రలు గాని వాడువారికి దీర్ఘవ్యాయామములో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. వారు మందు మోతాదును గూర్చి ముందే అడిగి తెలిసికొనవలెను.

భోజన నియమములు

ఒక కిలో క్రొవ్వులో సుమారు 7700 కేలరీల శక్తి నిలువయుండును. దినమునకు 500 కేలరీలు తగ్గించినచో మొదట వారమునకు సుమారు అరకిలో తగ్గును. అంతకంటె మిక్కిలి వేగముగా తగ్గుట మంచిది కాదు. క్రొవ్వుతోపాటు కండయు కరగును. 80 కిలోల మనిషి కిలోమీటరు పరుగెత్తినచో సుమారు 80 కేలరీలు వ్యయమగును. రెండు సమోసాలు తినినచో దరిదాపు 500 కేలరీలు చేరును. ఆ రెండు సమోసాల ఫలము తీరుటకు ఆరు కిలోమీటర్లు పరుగెత్తవలెను. "పొద్దున పరుగెత్తితిని గదా" యని సాయంకాలము రెండింతలు తినువారి బరువు తగ్గకపోవుటకు కారణమిదే.

ఢిల్లీలోని తెలుగు కుటుంబములలో రెండు ప్రాంతముల రుచులు కలిసినవి. మధ్యాహ్నము అన్నము, పప్పు, వేపుడు, ఆవకాయ, పెరుగు. సాయంకాలము ఛోలే భటూరే, వెన్నపూసిన పరాటా, జిలేబి. వీనిలో దేనిని శాశ్వతముగా వెలివేయవలసిన పని లేదు. పాళ్లు మార్చినచో చాలును. కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పావువంతు అన్నమో రొట్టెయో, పావువంతు పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు వంటి మాంసకృత్తుల ఆహారము ఉండవలెను. వేపుడు బదులు పులుసుకూర వండుకొనవచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఉప్పు దినమునకు 5 గ్రాములు దాటరాదని చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, పచ్చడి పొడులు తినునప్పుడు ఈ లెక్క గుర్తుండవలెను. మాంసకృత్తులు కిలో బరువునకు 0.83 గ్రాములు చొప్పున అవసరమని అదే సంస్థ నిర్ణయించినది. బరువు తగ్గించుకొనుచు వ్యాయామము చేయువారికి అంతకంటె కొంత ఎక్కువ కావలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడుగవలెను.

లంఖణము పరమౌషధమని పెద్దలన్న మాట అజీర్ణమునకు చెల్లును గాని, కడుపు మాడ్చుకొని గంటల తరబడి సైకిలు త్రొక్కువానికి చెల్లదు. తల తిరుగుట, కండరములు పట్టుట, తరువాత అతిగా తినుట దాని ఫలితములు. బరువు తగ్గించు క్రొత్త సూదిమందులు మన దేశమునందును వచ్చినవి. వానిని వైద్యుడు వ్రాసి ఇచ్చిననే వాడవలెను. ప్రకటనలు చూచి కొనరాదు.

ఆరు మాసముల క్రమము

తిరిగి వచ్చువారిని ఎక్కువగా మోసగించునది గుండె, ఊపిరితిత్తుల త్వరితమైన పురోగతి. అవి కొలది వారములలోనే బలపడును. కండరములను ఎముకలకు కలుపు స్నాయువులు, కీళ్లు బలపడుటకు మాసములు పట్టును. ఆయాసము తగ్గినదని దూరము పెంచినచో మడమ వెనుక, మోకాలియందు, పిక్కయందు నొప్పి మొదలగును. బరువైన దేహమునకు ఈతయు, సైకిలును ముందు, పరుగు చివర అను క్రమము క్షేమకరము. నీరు బరువును మోయును. సైకిలు గద్దె మోయును. పరుగులో ప్రతి అడుగును మోకాలే మోయవలెను.

మొదటి రెండు మాసములు వారమునకు ఐదు దినములు అరగంట చొప్పున వేగముగా నడచి, రెండు దినములు ఈదవలెను. మాట్లాడగలిగినంత శ్రమయే చాలును. వాక్యము పూర్తిచేయలేనంత ఆయాసము కూడదు. మూడవ, నాల్గవ మాసములలో సైకిలు చేర్చి, నడకలో నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక చొప్పున మార్చవలెను. గుంజిళ్లు, మెట్లెక్కుట వంటి కండబలపు వ్యాయామములు వారమునకు రెండు దినములు తప్పనిసరి. వయస్సుతో తరుగు కండను నిలుపునవి అవియే. ఐదవ, ఆరవ మాసములలో సైకిలు దిగిన వెంటనే పది నిమిషములు పరుగెత్తుట అభ్యసింపవలెను. అప్పుడు కాళ్లు తమవి కానట్లు బరువెక్కుట సహజము; అభ్యాసముచే అది తొలగును. ఏ వారమునందును దూరమును పదవ వంతుకంటె హెచ్చుగా పెంచరాదు. నాలుగు వారముల కొకసారి పని తగ్గించి దేహమునకు విశ్రాంతి నీయవలెను. ఈ క్రమము నిలిచిన పిదపనే స్ప్రింట్ పోటీలో పేరు నమోదు చేయించుకొనుట యుక్తము.

ఢిల్లీ ఋతువులు

రాజధానిలో పంచాంగమును చూచి అభ్యాసము నిర్ణయింపవలెను. తాల్‌కటోరా, సిరిఫోర్ట్, యమునా క్రీడాస్థలము వంటి చోట్ల మంచి కొలనులున్నవి. అయితే నగరములోని చాలా కొలనులు వేసవి కాలమునందే తెరచియుండును. కనుక ఏప్రిలు నుండి సెప్టెంబరు వరకు ఈతకు ప్రాధాన్యమీయవలెను. వేసవిలో ఎండ 45 డిగ్రీలను తాకు దినములు కలవు. సూర్యోదయమునకు ముందే పరుగు ముగియవలెను. దాహమును బట్టి నీరు త్రాగవలెను; దీర్ఘశ్రమలో ఉప్పు కలిపిన మజ్జిగ మేలు. అతిగా నీరు త్రాగుటయు రక్తములోని లవణమును పలుచన చేసి అపాయము తెచ్చును.

అక్టోబరు చివర నుండి జనవరి వరకు పొగమంచు, దుమ్ము, పొగ కలిసి గాలి విషమించును. శ్రమపడునప్పుడు మనిషి విశ్రాంతిలో కంటె ఎన్నో రెట్లు గాలి పీల్చును. దానితో దుమ్మును అంతే పీల్చును. వాయునాణ్యతా సూచిక 200 దాటిన దినమున బయట పరుగు మాని, ఇంటిలో కండబలపు వ్యాయామమో, నిలకడ సైకిలో చేయుట మేలు. 300 దాటినచో ఉబ్బసము, గుండెజబ్బు గలవారు బయటికి పోవుటయే తగ్గించుకొనవలెను. ఫిబ్రవరి, మార్చి మాసములు సైకిలునకు, పరుగునకు అనుకూలమైనవి. లోదీ ఉద్యానము, నెహ్రూ పార్కు నడకకు తగినవి. రోడ్డుపై సైకిలు త్రొక్కువారికి శిరస్త్రాణము, ముందు వెనుక దీపములు అత్యవసరము.

కొలనులో ఈదిన అలవాటు చెరువునకు, సముద్రమునకు చాలదు. అడుగు కానరాదు, పట్టుకొనుటకు గోడ యుండదు, చుట్టును జనము ఒరసికొందురు. ఢిల్లీ వద్ద యమున ఈతకు పనికిరాదు. కనుక పోటీ జరుగు ఊరికి ముందుగా పోయి, రక్షకుల సమక్షమున ఆ నీటిలో ఈది అలవాటుపడవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. వైద్య పరీక్ష తరువాతనే అభ్యాసము.
2. వారమునకు అరకిలోకంటె వేగముగా బరువు తగ్గుటకు పోటీపడరాదు.
3. ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో ప్రాకు నొప్పి, అసాధారణమైన ఆయాసము, కన్నులు బైర్లు గ్రమ్ముట కలిగినచో తత్‌క్షణమే ఆగి 112కు ఫోను చేయవలెను. నీటిలో నుండినచో వెల్లకిల తేలుచు చేయి ఎత్తి సహాయము కోరవలెను.
4. జ్వరము వచ్చిన దినమున వ్యాయామము కూడదు.
5. ఒంటరిగా ఈదరాదు.
6. రాత్రి ఏడు గంటలకు తక్కువ కాకుండ నిద్రింపవలెను.

పోటీ రోజున చివరివానిగా గమ్యము చేరినను ఆ ఆరు మాసముల లాభము ఎక్కడికిని పోదు. తగ్గిన నడుము, అదుపులోనికి వచ్చిన రక్తపుపోటు, ఆయాసము లేక మెట్లెక్కు కాళ్లు మరునాటికిని మిగులును. పోటీ ముగిసిన వారమునుండి వ్యాయామము మానివేసినచో అవియు క్రమముగా జారిపోవును. పతకముకంటె, మరుసటి సోమవారము తెల్లవారుజామున మరల లేచి నడకకు పోవుటయే నడివయస్సున నిజమైన పునరాగమనము.