ఒక్క స్పేస్ వెనక అరవై ఏళ్ల కథ

ఫోల్డర్ పేరు ‘పెళ్లి ఫోటోలు’. లినక్స్‌లో దాన్ని తీసెయ్యడానికి ఒక ప్రోగ్రామ్ ‘ఆర్‌ఎం -ఆర్’ అనే కమాండ్ పక్కన ఆ పేరు అతికించి, కమాండ్లను చదివి నడిపే షెల్‌కి ఇచ్చింది. షెల్‌కి స్పేస్ కనిపిస్తే ఒక మాట అయిపోయినట్టే. అందుకని ‘పెళ్లి’ అనే ఫోల్డర్‌నీ, ‘ఫోటోలు’ అనే ఫోల్డర్‌నీ తీసెయ్యమన్నారనుకుంది. పక్కనే నిజంగా ‘ఫోటోలు’ ఉంటే అది కాస్తా పోతుంది. పోవాల్సింది మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది.

షెల్ పుట్టింది మనుషుల కోసం. 1963-64 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో లూయీ పూజాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు, కమాండ్లను వరసగా నడిపించే ‘రన్‌కామ్’ రాశాడు. తర్వాత మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఆ ఆలోచనను విస్తరించి దానికి ‘షెల్’ అని పేరు పెట్టాడు. మల్టిక్స్ తొలి షెల్‌ను 1965లో గ్లెండా ష్రోడర్ రాసింది. 1971లో యూనిక్స్‌కి కెన్ థాంప్సన్ షెల్, 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చాయి. కీబోర్డు ముందు మనిషే ఉంటాడని వీటన్నిటి నమ్మకం. పేరులో స్పేస్ ఉంటే అతనే చూసుకుని కొటేషన్ గుర్తులు పెడతాడు.

మనిషి బదులు ప్రోగ్రామే కమాండ్ రాయడం మొదలెట్టాక చిక్కులొచ్చాయి. సి భాషలోని ‘సిస్టమ్’ ఫంక్షన్ ఒక వాక్యాన్ని తీసుకుని నేరుగా షెల్ చేతిలో పెడుతుంది. ఎవరో ఇచ్చిన ఫైలు పేరులో సెమీకోలన్ ఉందంటే, దాని తర్వాతి భాగం ఇంకో కమాండ్‌గా నడిచిపోతుంది. కమాండ్ ఇంజెక్షన్ అనే దాడికి మూలం ఇదే.

నిజానికి యూనిక్స్‌కి గుండెకాయ అయిన కెర్నల్ వాక్యం అడగనే లేదు. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ‘ఎగ్జెక్’ పిలుపు మాటల జాబితానే తీసుకుంటుంది. షెల్‌ని దాటేసి జాబితా ఇస్తే స్పేస్, కొటేషన్, సెమీకోలన్ అన్నీ మామూలు అక్షరాలైపోతాయి. ఒక్క జాగ్రత్త మిగులుతుంది: డ్యాష్‌తో మొదలయ్యే పేరును చాలా ప్రోగ్రాములు ఆప్షన్ అనుకుంటాయి. అందుకే పేర్లకు ముందు ‘--’ పెట్టే ఆనవాయితీ ఉంది.

విండోస్ దారి వేరు. డాస్ రోజుల్లో కమాండ్ తర్వాతి భాగమంతా 127 బైట్లలో ఒకే వాక్యంగా వెళ్లేది. ఈనాటి ‘క్రియేట్‌ప్రాసెస్’ కూడా 32,767 అక్షరాల లోపు ఒకే వాక్యం తీసుకుంటుంది. విడివిడిగా కట్టిన పొట్లాలను ఒకే సంచిలో కుమ్మరించి, అవతలివాణ్ణి వేరు చేసుకోమన్నట్టు! ఎలా విడగొట్టుకోవాలన్నది అందుకున్న ప్రోగ్రామ్ ఇష్టం.

రెండు చోట్లా ఒకే కోడ్ నడవాలంటే ఈ తేడాను లోపల ఎవరో మోయాలి. 2004లో పైథాన్ 2.4తో వచ్చిన ‘సబ్‌ప్రాసెస్’ ఆ పని చేసింది. ప్రోగ్రామర్ ఎక్కడైనా జాబితానే ఇస్తాడు. యూనిక్స్‌లో అది అలాగే కెర్నల్‌కి చేరుతుంది. విండోస్‌లో లైబ్రరీయే దాన్ని వాక్యంగా కూరుస్తుంది. ‘సి:\పెళ్లి ఫోటోలు\’ అన్న దారినే తీసుకోండి. స్పేస్ ఉంది కాబట్టి చుట్టూ డబుల్ కోట్స్ పెట్టాలి. అప్పుడు చివరి బ్యాక్‌స్లాష్ మూసే కోట్‌కి ఆనుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సి లైబ్రరీ నియమం ప్రకారం ఆ కోట్ ఇక మూయదు, పేరులో అక్షరమైపోతుంది. అందుకని చివరి బ్యాక్‌స్లాష్‌ను రెండుగా రాయాలి. ఇంత సూక్ష్మాన్ని ప్రతి ప్రోగ్రామర్ గుర్తుపెట్టుకోవాలనడం అన్యాయం. ఒకచోట సరిగ్గా రాసిపెట్టి అందరికీ అందించడమే ఇంటర్‌ఫేస్ ధర్మం.

ఆ ఏర్పాటూ ఒకచోట తడబడింది. కమాండ్లు రాసి ఉంచే బ్యాచ్ ఫైలును నడపమంటే విండోస్ చడీచప్పుడు లేకుండా ‘సీఎండీ’ షెల్‌ని రంగంలోకి దింపుతుంది. దాని నియమాలు వేరు: కోట్స్ లోపల కూడా శాతం గుర్తుకు విశేషార్థం పోదు. జాబితా ఇచ్చినా ఇంజెక్షన్ సాధ్యమేనని 2024 ఏప్రిల్‌లో బయటపడింది. పలు భాషల లైబ్రరీలు ఇందులో చిక్కుకున్నాయి. రస్ట్ భాషలో ఈ లోపానికి తీవ్రత 10కి 10. 1.77.2 వెర్షన్‌లో రస్ట్ బృందం కూర్పును గట్టిపరిచింది. ఏ మాటనైనా క్షేమంగా కూర్చగలమన్న నమ్మకం లేకపోతే, కమాండ్ నడపకుండా ఎర్రర్ ఇచ్చేలా చేసింది.

మంచి ఇంటర్‌ఫేస్‌కి ఇదే కొలత అని నా నమ్మకం. మాటల హద్దులు చెరగనివ్వకూడదు. షెల్ కావాలంటే ప్రోగ్రామర్ నోరు తెరిచి అడగాలి. అర్థం చెడకుండా చేర్చలేని చోట ఊహించి నడపడం కన్నా, ‘కుదరదు’ అని చెప్పడమే వాడేవాళ్లకు చేసే మేలు.