దారం పోని చోటు: నగరాన్ని శిల్పంగా చెయ్యడం గురించి

మన విమర్శలో 'శిల్పం' అన్నంత తరచుగా వాడే మాట మరొకటి లేదేమో. వస్తువు బాగుంది గాని శిల్పం కుదరలేదంటాం. శిల్పం ఉంది గాని వస్తువు ప్రగతిశీలం కాదంటాం. నేనూ ఇరవై ఏళ్లుగా క్లాసుల్లోనూ సభల్లోనూ ఈ మాటలే అంటూ వచ్చాను. అది ఉలి పట్టినవాడి దగ్గర మనం అరువు తెచ్చుకున్న మాట అన్న సంగతి మాత్రం మరచిపోయాను. 2025 జనవరిలో మా ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రదర్శన కోసం డ్రాయింగు మాస్టారూ, తొమ్మిదో తరగతి పిల్లలూ కలిసి హైదరాబాదును ఒక శిల్పంగా తయారుచేశారు. తెలుగు పంతుల్ని కాబట్టి పక్కన అంటించే చీటీలు రాసే పని నాకు పడింది. ఆ మూడు వారాల్లో నేను చూసింది రచయిత మిత్రులకూ, సాహిత్య విద్యార్థులకూ పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

మాస్టారి ఉద్దేశం భూగోళం పటం కాదు. ఏ కులం, ఏ మతం, ఏ తరగతి వాళ్లు ఎక్కడ కూడుకుని, ఎవరికి ఎడంగా బతుకుతున్నారో చూపించాలన్నది ఆయన పట్టుదల. హైదరాబాదులో ఇందుకు ముడిసరుకు పేర్లలోనే ఉంది. 1591లో చార్మినారు కట్టి మూసీకి దక్షిణాన నగరం వెలిసింది. 1806లో హుస్సేన్‌సాగర్‌కు అవతల ఇంగ్లీషు దండు దిగినచోటికి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు పడింది. యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్సు బార్కస్ అయింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డుల నివాసం ఏ.సి. గార్డ్స్ అయింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. కలిగినవాళ్లు క్రమంగా ఉత్తరపు ఒడ్డుకు జరిగారు. 1978లోనూ, 1990లోనూ జరిగిన మత కల్లోలాలు మిగిలిన కలగలుపును కూడా చాలా చోట్ల విడదీశాయి. పాతబస్తీలో హిందువులు కొందరు ఇళ్లమ్ముకుని బయటికి, బయట ఉన్న ముస్లింలు కొందరు పాతబస్తీ లోపలికి వెళ్లారు. ఇక బంజారాల పేరు మోస్తున్న గుట్టల మీద ఇవాళ ఎవరుంటున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఎడబాటు నుంచి పుట్టిన శిల్పం ఈ నగరానికి కొత్త కూడా కాదు. కోఠీ మహిళా కళాశాలగా మనమెరిగిన భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. దాని వెనక జనానా తోటలో ఆ భవనానిదే ఒక చిన్న నమూనా ఉంది. ఘోషాలో ఉన్న ఆయన భార్య ఖైరున్నిసా ముందువైపుకు వచ్చి ఆ మేడను చూడటానికి వీల్లేదు కాబట్టి ఆమె కోసం దాన్ని చేయించాడని చెబుతారు. అందరూ దాన్ని ప్రేమకథగా చెబుతారు. మా మాస్టారు మాత్రం పిల్లలకు "ఇది గోడ బొమ్మ" అని చెప్పాడు. మేడ నమూనాయే అయినా, అది చూపించేది ఆమె దాటలేని గీతను అని ఆయన లెక్క.

మా శిల్పం పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఆరు. ప్లైవుడ్ పలక, దానిమీద కోళ్లగూడు జాలీ, జాలీమీద పాత పరీక్ష పేపర్లు నానబెట్టి రుబ్బిన గుజ్జు, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపిన మైదా జిగురు, పైన ప్లాస్టరు పూత. కిలోమీటరుకు సుమారు పన్నెండు సెంటీమీటర్లు. అంతవరకు పేచీ లేదు. పేచీ రంగుల దగ్గర వచ్చింది. ముస్లిం బస్తీలకు ఆకుపచ్చ, హిందూ బస్తీలకు కాషాయం వేస్తే చూడగానే తెలుస్తుంది గదా అన్నాను. పాతబస్తీలో పుట్టి పెరిగిన మాస్టారు బ్రష్షు కింద పెట్టేశాడు.

"ఆ రంగులేస్తే అది కర్ఫ్యూ పటం సార్. మా మొహల్లాను అట్ల చూసుడు పోలీసులకు ఎప్పట్నుంచో తెలుసు."

ఆలోచిస్తే ఆయన మాటే సరి. రంగు పూసినప్పుడు ఆ బస్తీలో ఉన్న బీదా గొప్పా, ఆడా మగా, మాలా మాదిగా అంతా ఒకే ముద్ద అవుతారు. నగర జీవితాన్ని రాసే మన కథల్లో చాలావాటి జబ్బు కూడా ఇదే. ఒక పేటను ఒక విశేషణంతో సరిపెట్టేస్తాం. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలు ఈనాటికీ నిలబడ్డాయంటే, ఆయన పాతనగరాన్ని బయటి నుంచి పులిమిన రంగుగా చూడకపోవడమే కారణమని నా అభిప్రాయం.

పిల్లల్ని వాళ్ల గల్లీ మట్టి తెమ్మన్నాం. పాలస్తీనా మూలాలున్న శిల్పి మోనా హతూమ్ 1996లో జెరూసలేంలో నబ్లుస్ ఆలివ్ సబ్బు దిమ్మలు పరచి, వాటిమీద ఓస్లో ఒప్పందపు హద్దుల్ని ఎర్ర గాజుపూసలతో గుచ్చింది. ఆ ఊరి సబ్బే ఆ ఊరి మాట చెబుతుంది. మేమూ అలాంటిదేదో ఆశించాం. తీరా చూస్తే, ఒకరి ఇంట ఒకరు అడుగుపెట్టని రెండు బస్తీల మట్టి ఒకటే రంగు. దాంతో మట్టిని అలాగే చల్లి, తేడాను మరోచోట వెతకవలసి వచ్చింది.

అప్పుడు దారాలు వచ్చాయి. ఎవరు ఎక్కడ ఉంటారన్నది వదిలి, ఎవరు ఎక్కడికి పోతారు, ఎక్కడికి పోరు అన్నది అడిగాం. ఇంట్లో పెద్దవాళ్లు పనికి పోయే చోటికి తెల్లదారం. పండగకూ ప్రార్థనకూ నీలిదారం. గడచిన నెలలో బంధువులు కానివాళ్ల ఇంట్లో కూర్చుని తిన్నచోటికి ఎర్రదారం. పిల్లల కులం మేము అడగలేదు. నలభై మూడు మంది పిల్లల ఇళ్లు పటంమీద ఒక అన్నం పళ్లెమంత చోటులో ఇమిడిపోయాయి. తెల్లదారాలు అక్కణ్ణించి పడమటికి, గచ్చిబౌలి, మాదాపూర్ దాకా సాగాయి. ఎర్రవి పళ్లెం అంచు దాటలేదు. పళ్లెం లోపల కూడా, ఒకే బెంచీమీద కూర్చునే ఇద్దరు కుర్రాళ్ల గల్లీల మధ్య ఒక్క కిరాణా కొట్టు మాత్రమే అడ్డం, అయినా అటునుంచి ఇటు గాని, ఇటునుంచి అటు గాని ఎర్రదారం పడలేదు. ఒక పిల్లవాడు రంజానునాడు తమ ఇంటికి షీర్ కుర్మా వచ్చిందన్నాడు. గిన్నె వచ్చింది నిజమే, వీడు మాత్రం ఆ ఇంటికి వెళ్లలేదు. దారం కట్టలేదు.

ఊరూ వాడా విడిగా ఉండటం మన సాహిత్యానికి తెలియనిది కాదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ తన నవలకు పెట్టిన పేరే ఒక చోటు పేరు, 'మాలపల్లి'. పల్లెలో ఆ గీత కంటికి కనిపిస్తుంది. నగరంలో బస్సు, సినిమా హాలు, బడి దాన్ని చెరిపేశాయని మనం నమ్మాం. దారం కట్టి చూస్తే గాని అది చెరగలేదని తెలియదు.

ఇక్కడ ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మా అమ్మ గచ్చిబౌలిల పనిచేసే ఇంట్లనే తింటది. ఎర్రదారం కట్టాల్నా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పిల్లలే విచారణ మొదలుపెట్టారు. వాళ్లతోటి తింటదా, వాళ్లయినంక తింటదా? వాళ్లయినంక. ఏ ప్లేట్ల? వేరే ప్లేటుంది. ఏ లిఫ్టుల పోతది? ఎనక లిఫ్టుల. ఎర్రదారం కడితే అబద్ధం, కట్టకపోతే అంతకంటె పెద్ద అబద్ధం. చివరకు మాస్టారు బరమా తెచ్చి గచ్చిబౌలి దగ్గర పలకకు రంధ్రం చేశాడు. ఎర్రదారం పైనుంచి వెళ్లి, ఆ రంధ్రంలో దిగి, పలక అడుగున ముడిపడింది. చూడదలచినవాడు వంగి కిందనుంచి చూడాలి. వస్తువు శిల్పాన్ని నిర్ణయిస్తుందని ఎన్ని వ్యాసాల్లో రాశానో! అది జరుగుతుండగా చూడటం నాకు అదే మొదలు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఇళ్లకు మేకులు కొట్టించేటప్పుడు నేనే హాజరు పట్టీ పట్టుకుని నెంబరు వారీగా పిలిచాను. మూసీ ఒడ్డున ఉండే ఒక కుర్రవాడు సుత్తి అందుకోలేదు. గద్దించాను. "మా ఇంటిమీద మల్ల నిషాని పెట్టకుండ్రి సార్" అన్నాడు. 2024 సెప్టెంబరులో నదీగర్భంలో ఉన్నాయంటూ అక్కడి ఇళ్ల గోడలమీద ఎర్రరంగుతో ఆర్‌బి-ఎక్స్ అని రాశారు. కొన్ని ఇళ్లు కూలిపోయాయి. ఇంటికి గుర్తు పడటమంటే ఏమిటో నాకంటె వాడికి బాగా తెలుసు.

కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. వర్ణవివక్ష ప్రభుత్వం 1966 ఫిబ్రవరి 11న దాన్ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, అరవై వేలమందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి, ఇళ్లు నేలమట్టం చేసింది. 1994లో అక్కడ తెరిచిన మ్యూజియంలో నేలమీద పెద్ద పటం పరిచారు. పాత నివాసులు వచ్చి తమ ఇల్లు ఉండినచోట పేరు రాసుకున్నారు. ఆ పటం మాకు ఆదర్శమని నేను మాస్టారితో వాదించాను. కాని అక్కడ ఇల్లు పోయినవాళ్లు తమంతట తాము వచ్చి రాశారు. ఇక్కడ ఇల్లు ఇంకా నిలబడి ఉన్న పిల్లవాడిచేత నేను రాయిస్తున్నాను.

మాస్టారు ఆ సాయంత్రం పిల్లల మేకులన్నీ పీకేసి, ఆ చోటు చుట్టూ ఒక రాగితీగ వలయం బిగించి, దారాలన్నీ దాని నుంచే మొదలయ్యేట్టు మార్చాడు. ఎవరి ఇల్లూ విడిగా కనపడదు. నిర్దిష్టత పోయిందని గొణిగాను. "నిర్దిష్టంగా కావాలంటే మనిద్దరివి కొడదాం సార్" అన్నాడు. కొట్టాం, పేర్లతో సహా.

నా మేకు ఒక కాలనీలో పడింది. ఆ ఇల్లు అద్దెకు అడిగినప్పుడు యజమాని "మీరేమిట్లు?" అన్నాడు. చెప్పాను. తాళంచెవి ఇచ్చాడు. అంతకుముందు వచ్చిన ఇద్దరికి ఎందుకు ఇవ్వలేదో కూడా ఆయనే కాఫీ ఇస్తూ చెప్పాడు. నేను కాఫీ తాగాను. ఇప్పుడు ఎర్రదారం పట్టుకుని లెక్క చూసుకుంటే ఆ నెలలో నావి మూడు, మూడూ ఆ కాలనీలోనే, మూడూ మా వాళ్ల ఇళ్లే. నెలను ఇరవై ఏళ్లకు పొడిగించి, ఒకే వేదికమీద కూర్చున్న రచయిత మిత్రుల ఇళ్లన్నీ గుర్తుచేసుకున్నాను. మా కులం కానివి రెండే తేలాయి. దళితవాద, ముస్లింవాద కవిత్వం వచ్చినప్పుడు ఆ కవుల అనుభవం 'ఏకపక్షం' అని వ్యాసం రాసినవాణ్ణి నేను. ఆ వ్యాసం రాసేనాటికి వాళ్లలో ఒక్కరి ఇల్లు కూడా నేను చూసి ఎరగను.

చీటీల సంగతి. మొదట 'మహానగరంలో సాంస్కృతిక వేర్పాటు' అని రాశాను. పిల్లలకు అర్థం కాలేదు, మాస్టారికి నచ్చలేదు. చివరికి దారాల రంగులకు మూడు చీటీలు, రంధ్రం దగ్గర 'వంగి చూడండి' అని ఒకటి మిగిలాయి. ప్రదర్శన రోజున వచ్చిన పెద్దల్లో ఎక్కువమంది ఇంత దారం వల్ల పటం కనిపించడం లేదన్నారు. వంగినవాళ్లు తక్కువ.

శిల్పం ఇప్పుడు ప్రయోగశాల వెనక గదిలో ఉంది. మైలతుత్తం చాలలేదో ఏమో, ఒక మూల ఎలుకలు కొరికాయి. దారాలు కొన్ని వదులయ్యాయి. పడమటి వైపు బడి పిల్లలతో కలిసి మళ్లీ చెయ్యాలని, అటునుంచి ఇటు ఏ దారమైనా వస్తుందేమో చూడాలని మాస్టారి కోరిక. అక్కడి ఒక బడికి ఉత్తరం నేనే రాశాను. ఇంకా జవాబు రాలేదు.