కోడ్ రాకముందే మొదలయ్యే టెస్టింగ్

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా వార్తల్లోకెక్కింది. 'జ్ఞా' అన్న కూర్పుతో మెసేజ్ వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. నిజానికి చిక్కు మనం రోజూ టైప్ చేసే 'జ్ఞానం'లో లేదు. ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు చేరినప్పుడే ఫోన్ తడబడింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులతోనూ ఇదే జరిగింది. యాపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

చదివి నవ్వుకుని వదిలేయొచ్చు. మీరు టెస్టింగ్ ఉద్యోగం వైపు చూస్తున్నవారైతే మాత్రం ఒక ప్రశ్న మిమ్మల్ని వెంటాడాలి. 'ఈ కూర్పు ఇచ్చి చూద్దాం' అని ఎవరికి తట్టాలి? ఎప్పుడు తట్టాలి? ఫోన్లు జనం చేతుల్లోకి వెళ్లాకా, కోడ్ రాయడానికి ముందా?

అజైల్ టీముల్లో టెస్టర్ పనంతా ఈ 'ఎప్పుడు' చుట్టూనే తిరుగుతుంది. కోర్సుల్లో టూల్స్ బాగానే చెబుతారు కానీ దీని గురించి చెప్పేది తక్కువ.

పాత పద్ధతిలో నెలల తరబడి కోడింగ్ నడిచేది, చివర్లో టెస్టింగ్ ఉండేది. గడువు ముంచుకొస్తే కోత పడేది టెస్టింగ్ రోజులకే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి అజైల్ మ్యానిఫెస్టో రాశారు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను కొద్ది వారాలకోసారి అందిస్తూ పోవాలన్నది అందులోని సూత్రాల్లో ఒకటి. ఇప్పుడు ఎక్కువగా కనిపించే స్క్రమ్ పద్ధతిలో ఒక్కో విడతను స్ప్రింట్ అంటారు. అది నెలకు మించకూడదు. చాలాచోట్ల రెండు వారాలు ఉంటుంది.

2020 నాటి స్క్రమ్ గైడ్ ఉచితంగానే దొరుకుతుంది, పేజీలూ తక్కువే. ఒకసారి చదవండి. అందులో ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు ఉంటారు. టెస్టర్ అన్న పాత్రే కనిపించదు! అలాగని కంగారు పడకండి. ఆ గైడ్ లెక్కలో ప్రొడక్ట్ తయారీలో చెయ్యేసే ప్రతి ఒక్కరూ డెవలపరే. 'నేను రాస్తా, తప్పులు నువ్వు పట్టు' అన్న గీత అక్కడ లేదు. కంపెనీల ప్రకటనల్లో మాత్రం టెస్ట్ ఇంజినీర్, క్యూఏ ఇంజినీర్, ఎస్‌డెట్ లాంటి పేర్లు చూస్తూనే ఉంటారు.

ఒక బస్ టికెట్, పది ప్రశ్నలు

మీరు బస్ టికెట్ల యాప్ తయారుచేసే టీమ్‌లో చేరారనుకోండి. ప్రొడక్ట్ ఓనర్ ఒక యూజర్ స్టోరీ తెచ్చారు: 'ప్రయాణికుడు బస్సు బయలుదేరే గంట ముందు వరకు టికెట్ రద్దు చేసుకోవచ్చు. డబ్బు అతని ఖాతాకు తిరిగి రావాలి.' వినడానికి ఎంత తేలిగ్గా ఉందో! డెవలపర్ అప్పుడే మనసులో కోడ్ మొదలుపెట్టేసి ఉంటారు.

ఇక్కడే మీరు నోరు విప్పాలి. బస్సు మియాపూర్‌లో రాత్రి 11:10కి బయలుదేరుతుంది. విజయవాడ వెళ్లే ప్రయాణికుడు ఎల్బీనగర్‌లో 12:20కి ఎక్కుతాడు. 'బయలుదేరే గంట ముందు' అంటే ఏ స్టాప్ లెక్క? పైగా మియాపూర్‌లో 14వ తేదీ, ఎల్బీనగర్ వచ్చేసరికి 15. టికెట్ మీద ఏ తేదీ వేస్తారు? అర్ధరాత్రి బస్సుకు తేదీ పొరబడి ఒకరోజు ముందో వెనకో బస్టాండుకు వెళ్లినవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. టెస్టింగ్‌కు అలాంటి అనుభవాలు బంగారం లాంటివి.

ఇంకా ఉంది. డాలస్‌లో ఉన్న అమ్మాయి ఇక్కడి అమ్మానాన్నలకు టికెట్ తీసింది. రద్దు చేసేటప్పుడు ఫోన్‌లోని టైమ్ చూడాలా, సర్వర్ టైమా? నలుగురికి తీసిన టికెట్‌లో ఒక్కరినే రద్దు చేయొచ్చా? అప్పుడు కూపన్ తగ్గింపును ఎలా పంచుతారు? నెట్ నెమ్మదిగా ఉండి బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు వెళ్లిపోదు కదా? ఆ బస్సునే సంస్థ రద్దు చేస్తే గంట నిబంధన వర్తిస్తుందా? సరిగ్గా 60 నిమిషాలు మిగిలి ఉంటే అవునా, కాదా? ఈ చివరి ప్రశ్నకు పుస్తకంలో బౌండరీ వాల్యూ ఎనాలసిస్ అని పేరు. 61, 60, 59 నిమిషాల దగ్గర విడివిడిగా చూడాలి. తప్పులు గట్టు మీదే ఎక్కువగా దొరుకుతాయి మరి.

వీటిలో ఒక్కదానికైనా కోడింగ్ కావాల్సి వచ్చిందా? స్ప్రింట్‌కు ముందు స్టోరీలను చర్చించే రిఫైన్‌మెంట్ మీటింగ్‌లో అడిగితే ఇవి రెండు మాటల్లో తేలిపోతాయి. వచ్చిన జవాబులే ఆ స్టోరీకి యాక్సెప్టెన్స్ క్రైటీరియా అవుతాయి. అదే ప్రశ్న కోడ్ అయ్యాక అడిగితే డిజైన్ మార్చాలి, డేటాబేస్ మార్చాలి, రాసింది తిరగరాయాలి. రిలీజ్ అయ్యాక అయితే ఆ ప్రశ్నను కస్టమరే అడుగుతాడు, కోపంగా.

తొమ్మిదో రోజు సాయంత్రం

పుస్తకంలో ఉన్నట్టు అన్ని టీములూ నడవవు. రెండు వారాల స్ప్రింట్ అంటే పది పనిదినాలు. తొమ్మిదో రోజు సాయంత్రం డెవలపర్ వచ్చి 'నాది అయిపోయింది, చూసేయ్' అంటారు. పాత పద్ధతి కథే ఇది, రెండు వారాల్లోకి కుదించారంతే. చేరిన కొత్తలో చాలామందికి ఎదురయ్యే మొదటి కష్టం ఇదే. రాత్రంతా కూర్చుని పూర్తిచేస్తే శభాష్ అంటారు. తర్వాతి స్ప్రింట్‌లోనూ అలాగే ఇస్తారు.

స్టోరీని ముక్కలు చేయమని అడగడమే దీనికి మందు. ఒక్క ప్రయాణికుడు, ఒక్క టికెట్ రద్దు వరకు మూడో రోజుకే ఇమ్మనండి. స్క్రీన్ తయారు కాకపోయినా వెనక ఏపీఐ సిద్ధమైతే పోస్ట్‌మన్‌తో దాన్ని చూసేయొచ్చు. స్టాండప్ 15 నిమిషాల మీటింగే. 'నిన్న టెస్టింగ్ చేశా, ఇవాళా టెస్టింగే' అంటే ఎవరికీ ఉపయోగం లేదు. 'కూపన్ ఉన్న టికెట్ రద్దు ఇంకా నా చేతికి రాలేదు, రేపటికి రాకపోతే ఈ స్టోరీ పూర్తికాదు' అనండి. టీమ్ మొత్తం ఒప్పుకున్న 'డెఫినిషన్ ఆఫ్ డన్'లో టెస్టింగ్ ఉంటే, మీరు చూడనిది అయిపోయినట్టు లెక్కలోకి రాదు. కొత్తవాళ్లకు ఇలా మాట్లాడటానికి బెరుకుగా ఉంటుంది, నిజమే. సార్ అనే అలవాటు కాలేజీ నుంచి వెంటే వస్తుంది. కానీ ఇది ఎదురు చెప్పడం కాదు, పని చెప్పడం.

ఆటోమేషన్ ఎందుకంటే

స్ప్రింట్ మారినకొద్దీ పాత ఫీచర్లు పోగవుతుంటాయి. కొత్త కోడ్ పాతదాన్ని చెడగొట్టలేదని ప్రతిసారీ చూడాలి. ఆ రిగ్రెషన్ టెస్టింగ్‌ను చేత్తో చేస్తూ కూర్చుంటే రెండు వారాలూ దానికే సరిపోతాయి. 'కోడింగ్ రానివాళ్లకు టెస్టింగ్' అన్న పాత మాట ఇక్కడే చెల్లకుండా పోయింది. జావా, పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో ఒక్కటైనా చేయి తిరగాలి.

అమీర్‌పేట బోర్డుల మీద ఎక్కువగా కనిపించే సెలీనియం 2004లో పుట్టింది. ఇప్పటికీ అడుగుతున్నారు. ప్లేరైట్, సైప్రెస్ కూడా అడుగుతున్నారు. ఏది నేర్చుకున్నా ఒకటి గుర్తుంచుకోండి. మైక్ కోన్ 2009లో తన పుస్తకంలో టెస్ట్ పిరమిడ్ బొమ్మ వేశారు. అడుగున యూనిట్ టెస్టులు బోలెడు, మధ్యలో ఏపీఐ స్థాయివి, కొసన స్క్రీన్ మీద నడిచేవి కొన్నే. సెలీనియం మాత్రమే వచ్చినవారికి ఆ కొస ఒక్కటే తెలుస్తుంది. స్క్రీన్ టెస్టులు నెమ్మదిగా నడుస్తాయి, బటన్ పేరు మారితే విరుగుతాయి. అందుకే ఏపీఐ టెస్టింగ్, కొంచెం ఎస్‌క్యూఎల్, గిట్ కలిపి నేర్చుకోండి. ఏఐ టూల్‌ను అడిగితే క్షణాల్లో యాభై టెస్ట్ కేసులు రాసిస్తుంది. వాటిలో ఎల్బీనగర్ ప్రశ్న ఉందో లేదో చూడాల్సింది మీరే.

చేతిలో ఏం పట్టుకెళ్లాలి?

ప్రాక్టీసుకు డబ్బు అక్కర్లేదు. టెస్టింగ్ నేర్చుకునేవారి కోసమే పెట్టిన సాస్‌డెమో సైట్‌లో, రెస్ట్‌ఫుల్ బుకర్ ఏపీఐలో కావాలనే తప్పులు ఉంచారు. వాటిని పట్టి, రిపోర్టు రాసి, ఓ పది ఆటోమేషన్ టెస్టులతో కలిపి గిట్‌హబ్‌లో పెట్టండి. అనుమతి లేకుండా బ్యాంకు సైటో, ప్రభుత్వ సైటో పట్టుకుని ప్రయోగాలు చేయకండి. ఐటీ చట్టం కింద ఇబ్బందుల్లో పడతారు.

బగ్ రిపోర్టు రాయడం విడిగా సాధన చేయాలి. 'రద్దు బటన్ పనిచేయట్లేదు' అంటే డెవలపర్ 'నా దగ్గర పనిచేస్తోందే' అంటారు, అక్కడితో సరి. 'నలుగురి టికెట్‌లో ఒకరిని రద్దు చేశాక, నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు బటన్ రెండోసారి నొక్కితే రెండో ప్రయాణికుడూ రద్దవుతున్నారు. ఆండ్రాయిడ్ 14లో ఐదుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు వచ్చింది' అని స్క్రీన్ రికార్డింగ్‌తో ఇస్తే ఇక వాదన ఉండదు.

సర్టిఫికెట్ కావాలంటే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ ఉంది. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, పాసవ్వాలంటే 26 మార్కులు. పరీక్ష భాష మాతృభాష కానివారికి 25 శాతం అదనపు సమయం ఇచ్చే నిబంధన ఉంది, అడిగి తీసుకోండి. నా మటుకు నేను, ఫీజు భారమైతే ముందు గిట్‌హబ్ పనే పూర్తిచేయమంటాను. సిలబస్ ఎలాగూ ఉచితంగా చదువుకోవచ్చు.

ఇక ఫ్రెషర్లకు అనుభవం లేదని, మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలు ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగమూ పోతుంది. అంతదాకా కూడా అక్కర్లేదు. 'మీ స్ప్రింట్ ఎన్ని రోజులు? చివరి రెట్రోస్పెక్టివ్‌లో దేని గురించి మాట్లాడుకున్నారు? మీరు వదిలేసిన బగ్ ఒకటి చెప్పండి' అని ఇంటర్వ్యూలో అడిగితే, పనిచేయనివాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఫ్రెషర్‌నేనని చెప్పి ల్యాప్‌టాప్ తెరవండి. వాళ్ల కంపెనీ యాప్‌ను ముందురోజు మామూలు కస్టమర్‌లా వాడి, ఒక ఫీచర్ మీద మీకొచ్చిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. 'పెన్నును ఎలా టెస్ట్ చేస్తారు?' అని వాళ్లు అడిగేలోపే ఆ కాగితం తీసి టేబుల్ మీద పెట్టొచ్చు.