పగడాల నుంచి మడ దాకా.. సముద్రం చదివితే కొలువు

మచిలీపట్నం, గుడివాడ కాలేజీల్లో బోటనీ, జువాలజీ చదివే చాలామందికి ఒకటే బెంగ: ‘డిగ్రీ అయ్యాక బీఈడీయేనా?’ ఓసారి మన తీరంవైపు చూడండి.

పగడపు దిబ్బలకు తేట నీళ్లు కావాలి. కృష్ణమ్మ ఒండ్రు మోసుకొచ్చే మన తీరంలో అవి పెరగవు. ఆ ఒండ్రులోనే దివిసీమ మడ అడవులు పెరిగాయి. పగడాలైనా, మడ అయినా అలల దూకుడును తగ్గించేవే. 1977 ఉప్పెన చూసిన దివిసీమకు ఆ విలువ తెలుసు.

రెండింటికీ ముప్పుంది. సముద్రం వేడెక్కితే పగడాలు తెల్లబారతాయి. ఉపగ్రహ సమాచారంతో ముందే హెచ్చరించేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. మడ అడవులకేమో రొయ్యల చెరువుల బెడద. పోటు నీరు అందక ఉప్పు పేరుకున్నచోట చేప ముల్లులా కాల్వలు తవ్వి, మడ మొక్కలు నాటాలి.

ఈ డిగ్రీతో యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీస్, ఏపీపీఎస్సీ రేంజ్ ఆఫీసర్ పరీక్షలు రాయొచ్చు. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ ఏటా రాదు. ఈలోగా ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ పీజీ చేయొచ్చు. జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ నేర్చుకుంటే పరిశోధన సంస్థల ప్రాజెక్టు పోస్టులకు పోటీపడొచ్చు.

ముందు ఓ ఆదివారం నాగాయలంక వెళ్లి మడ అడవి చూసి రండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ సొంత మాట ఒకటి దొరుకుతుంది.